కరిగే ప్లాస్టిక్కా, కరగనిదా? ఇల్లు కట్టేటప్పుడు ఏది ఎక్కడ వాడాలి

మా అక్కావాళ్ళు ఖమ్మంలో ఇల్లు కడుతున్నారు. పునాది నుంచి స్లాబు దాకా బావ నాకు ఒక్క ఫోనూ చేయలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడలకు గాడులు కొట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి మాత్రం రోజుకు రెండు ఫోన్లు. "బామ్మర్దీ, షాపాయన ఎక్స్ఎల్‌పీఈ వైరు తీసుకోమంటున్నాడు. క్రాస్‌లింక్డ్ అంట, మామూలు దానికన్నా మంచిదంట, నిజమేనా?" మర్నాడు పైపుల గురించి అదే ప్రశ్న. ఆ మర్నాడు ప్లైవుడ్.

నేను పదకొండేళ్ళు ఒక కేబుల్ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. వచ్చిన కేబుల్ ముక్క క్రాస్‌లింక్ అయిందా లేదా, అంటే లోపలి అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడ్డాయా లేదా అని చూడటమే అక్కడ నా ఉద్యోగం. బావకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాస్తే ఇల్లు కట్టే ఇంకో నలుగురికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. క్రాస్‌లింకింగ్ అంటే షాపుల్లో చెప్పినట్టు "ఒక మెట్టు పై రకం" కాదు. అదొక బేరం. కొన్ని గుణాలు వస్తాయి, వాటితోపాటు కొన్ని పోతాయి. పోయేవి మన పనికి అవసరమైనవే అయితే, ఎక్కువ డబ్బు పెట్టి ఇబ్బంది కొనుక్కున్నట్టే.

లోపల ఏం జరుగుతుంది

ప్లాస్టిక్ అయినా రబ్బరు అయినా సన్నటి, చాలా పొడుగాటి అణువుల పోగు. పాలిథిన్ కవరులో ఒక్కో అణువులో వేల కార్బన్ పరమాణువులు వరసగా ఉంటాయి. ఆ గొలుసులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయే గానీ, ఒకదానికొకటి కట్టేసి ఉండవు. ఉడికిన సేమ్యా గిన్నెలో ఎలా ఉంటుందో అలా. వేడి చేస్తే గొలుసులు ఒకదాని మీద ఒకటి జారతాయి. ప్లాస్టిక్ కరగడమంటే అదే. చల్లారితే గట్టిపడుతుంది, మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ జారుతుంది.

ఇప్పుడు చేపల వల అల్లడం గుర్తు తెచ్చుకోండి. కండెలో ఉన్నదీ ఆ దారమే, వలలో ఉన్నదీ ఆ దారమే. కండెలోది కొస పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. వలను ఏ మూల పట్టుకుని లాగినా వల మొత్తం కదులుతుంది, ఒక్క పోగూ విడిగా రాదు. మధ్యలో ఉన్న ముడులే తేడా. పాలిమర్ గొలుసుల మధ్య అలాంటి రసాయన ముడులు వేయడమే క్రాస్‌లింకింగ్. ముడులు తగినన్ని పడ్డాక ఆ వస్తువులో విడి అణువులనేవి దాదాపు ఉండవు. లారీ టైరులోని రబ్బరంతా లెక్కకు ఒకటే అణువు.

ఈ పని మన ఊళ్ళలో రోడ్డు పక్కనే జరుగుతుంది. పంక్చర్ షాపు బోర్డు మీద "వల్కనైజింగ్" అని రాసి ఉంటుంది చూడండి, అది ఇదే. పచ్చి రబ్బరు ఎండకు జిగురు జిగురుగా అయిపోతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడి చేస్తే ఆ రెండు జబ్బులూ పోతాయని కనిపెట్టాడు. గంధకం పరమాణువులు ఒక గొలుసు నుంచి పక్క గొలుసుకు వంతెన వేస్తాయి. ట్యూబుకు హాట్ ప్యాచ్ వేసేటప్పుడు కుర్రాడు ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ పూసి, పచ్చి రబ్బరు ముక్క పెట్టి వేడి బిళ్ళ కింద బిగిస్తాడు కదా, ఆ కాసేపట్లో ప్యాచీకీ ట్యూబుకీ మధ్య ఈ వంతెనలు పడతాయి.

ఎన్ని ముడులు వేస్తే ఏమవుతుందన్నదానికి రాజమండ్రి నుంచే ఉదాహరణ చెప్పొచ్చు. వంద పాళ్ళ రబ్బరుకు ఒకటి నుంచి మూడు పాళ్ళ గంధకం కలిపితే మెత్తగా సాగే ట్యూబు. ముప్ఫై పాళ్ళు, ఆపైన కలిపితే నల్లగా, గట్టిగా, కర్రలా లేత్ మీద కోసుకునే ఎబొనైట్. రాజమండ్రి రత్నం పెన్నులు, గాంధీజీ మెచ్చి ఉత్తరం రాసిన ఆ పెన్నులు, ఈ ఎబొనైట్‌తో చేసి పేరు తెచ్చుకున్నవే. సైకిల్ ట్యూబూ ఆ పెన్నూ ఒకే రబ్బరు పిల్లలు. తేడా ముడుల లెక్కలో ఉంది.

ముడులు పడ్డాక వచ్చే మార్పులు: కరగదు, మరీ వేడి చేస్తే మాడుతుంది. పెట్రోల్ లాంటి ద్రావకంలో వేస్తే ఉబ్బుతుంది గానీ కలిసిపోదు. బరువు మోస్తూ ఏళ్ళ తరబడి ఉన్నా మెల్లగా సాగిపోయే గుణం తగ్గుతుంది. రబ్బరు లాంటిదైతే లాగి వదిలితే పాత ఆకారానికి వస్తుంది. పోయేవీ చెప్పాలి. కరిగించి అతకలేం, ద్రావకంతో అంటించలేం, పాతబడితే మళ్ళీ కరిగించి బకెట్టో కుర్చీయో చేయలేం. వీధిలో మైకు పెట్టుకుని తిరిగే పాత సామాన్లవాడు విరిగిన ప్లాస్టిక్ కుర్చీని కిలో లెక్కన తీసుకుంటాడు. మెలమైన్ ప్లేటు, కుక్కర్ పిడి మాత్రం పక్కన పెట్టేస్తాడు. ఆయన రసాయన శాస్త్రం చదవలేదు గానీ ఏది కరుగుతుందో, ఏది కరగదో ఆయనకు మనకన్నా బాగా తెలుసు.

షాపులో ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ముడులు వేసినంత మాత్రాన మంటకు తట్టుకునే గుణం రాదు. ఎండకు తట్టుకునే గుణమూ రాదు. ఆ రెండూ కలిపే మందులను బట్టి, గొలుసు దేనితో తయారైందో దాన్ని బట్టి ఉంటాయి.

వైర్లు: అసలు తికమకంతా ఇక్కడే

మామూలు ఇంటి వైరు మీద ఉండే పీవీసీలో ముడులు ఉండవు. దాని లోపలి రాగి తీగ నిరంతరం 70 డిగ్రీల దాకా వేడెక్కవచ్చు. షార్ట్ సర్క్యూట్ అయిన ఆ క్షణకాలానికి 160 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. పాలిథిన్‌కు ముడులు వేసి తయారుచేసే ఎక్స్ఎల్‌పీఈకి ఇవే అంకెలు 90, 250. ముడులు వేయని పాలిథిన్ రకాన్ని బట్టి 105, 130 డిగ్రీల మధ్యలోనే కరిగిపోతుంది. అలాంటిది 250 డిగ్రీల్లో కూడా తీగ మీద నిలబడిందంటే అది ముడుల పుణ్యమే.

మా ల్యాబులో దీన్ని ఎలా పరీక్షించేవాళ్ళమో చెబితే విషయం కళ్ళకు కడుతుంది. కేబుల్ మీది తొడుగు నుంచి డంబెల్ ఆకారంలో చిన్న ముక్క కోస్తాం. దాని మీద ఇరవై మిల్లీమీటర్ల దూరంలో రెండు గీతలు పెడతాం. 200 డిగ్రీల ఓవెన్‌లో వేలాడదీసి, కింద చదరపు సెంటీమీటరుకు 20 న్యూటన్ల లెక్కన, అంటే సుమారు రెండు కిలోలు, బరువు కడతాం. పదిహేను నిమిషాలు. ముడులు సరిగ్గా పడి ఉంటే ముక్క అద్దంలా తేటపడి కొంత సాగి ఆగిపోతుంది. 175 శాతానికి మించి సాగకూడదు. తర్వాత బరువు తీసేసి చల్లారనిస్తే మళ్ళీ దగ్గరకు వచ్చేయాలి, మిగిలే సాగుడు 15 శాతం దాటకూడదు. ముడులు పడకపోతే ఇంత లెక్క అక్కర్లేదు. రెండు నిమిషాల్లోపే ముక్క పాకంలా తీగ సాగి, బరువు ఓవెన్ అడుగున ఠంగుమని పడుతుంది. చలికాలంలో ఆ ఠంగు ఎక్కువగా వినేవాళ్ళం. సిలేన్ అనే రసాయనంతో చేసిన కేబుల్‌కు ముడులు పడాలంటే వేడి నీళ్ళలోనో ఆవిరిలోనో గంటల కొద్దీ నానాలి. తొందరపడి డ్రమ్ము ముందే బయటికి తీస్తే బయట పొర బాగుంటుంది, తీగ పక్కనున్న పొర పచ్చిగా ఉంటుంది. పైకి చూస్తే ఏ తేడా కనిపించదు.

మరి ఇంట్లో ఏది వేయాలి? కరెంటు స్తంభం నుంచి మీటరుకు, మీటరు నుంచి మెయిన్ బోర్డుకు భూమిలో వేసే ఆర్మర్డ్ (లోహపు కవచం ఉన్న) కేబుల్ ఎక్స్ఎల్‌పీఈదే తీసుకోండి. అక్కడ లోడు మొత్తం ఒకే కేబుల్ మీద పడుతుంది, షార్ట్ అయితే దెబ్బ కూడా పెద్దదే. దాని లోపల తొడుగు ఎక్స్ఎల్‌పీఈ, పైపొర మాత్రం పీవీసీ ఉంటుంది. ఎందుకంటే ఉత్త ఎక్స్ఎల్‌పీఈ కొవ్వొత్తిలా మండుతుంది. పీవీసీ గొలుసు బరువులో సగానికి పైగా క్లోరినే కాబట్టి మంట దానంతటది సులువుగా పాకదు. కాకపోతే మండినప్పుడు ఘాటైన ఆమ్లపు పొగ వదులుతుంది. పీవీసీ మంటకు బాగు, ఎక్స్ఎల్‌పీఈ వేడికి బాగు.

గోడల్లోని పైపుల గుండా లాగే వైర్లకు ఐఎస్ 694 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) ముద్ర ఉన్న ఎఫ్ఆర్ (మంట త్వరగా పాకనిది) లేదా ఎఫ్ఆర్ఎల్ఎస్‌హెచ్ (దానికి తోడు పొగ కూడా తక్కువ వదిలేది) పీవీసీ చాలు. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4 స్క్వేర్ ఎంఎం వేసుకుంటే ఆ వైరు 70 డిగ్రీల దగ్గరకు కూడా పోదు. అపార్టుమెంటు మెట్ల దగ్గర, ఫాల్స్ సీలింగ్ పైన పొగ తక్కువ రావాలనుకుంటే హాలోజన్, అంటే క్లోరిన్ లాంటివి, లేని రకం తీసుకోండి. అందులో ముడులున్నవీ, లేనివీ రెండు రకాలూ దొరుకుతాయి. అక్కడ మీకు కావాల్సింది పొగ తక్కువ రావడం, ముడులు కాదు.

బావకు షాపాయన చెప్పిన ఇంకో సలహా విని నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది. "ఇది 90 డిగ్రీల వైరు సార్, ఏసీకి 4 అక్కర్లేదు, 2.5 చాలు" అన్నాడట. వైరు తట్టుకుంటుంది, సరే. ఆ వైరు వెళ్ళి బిగుసుకునే స్విచ్చులు, ఎంసీబీలు సాధారణంగా 70 డిగ్రీల లెక్కతో చేసినవి. కాలేది అక్కడ. ఇళ్ళలో నేను చూసిన కాలిన పాయింట్లలో ఎక్కువ భాగం స్క్రూ లూజుగా ఉన్నచోటే కాలాయి. లూజు స్క్రూకు ఏ క్రాస్‌లింకింగూ మందు కాదు.

డాబా మీద మాత్రం బేరం లేదు. 2024లో పీఎం సూర్యఘర్ సబ్సిడీ వచ్చాక సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకునేవాళ్ళు పెరిగారు. ప్యానెల్ నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే డీసీ కేబుల్ కచ్చితంగా క్రాస్‌లింక్ చేసినదే, ఐఎస్ 17293 ముద్రతో, రెండు పొరలతో ఉండాలి. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్ళకు డాబా మీద మధ్యాహ్నం ప్యానెల్ వెనక వేడి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. ఆ కేబుల్ పాతికేళ్ళు ఉండాలి. కొందరు ఇన్‌స్టాలర్లు డబ్బు మిగులుతుందని ఇంట్లో వేసే పీవీసీ వైరునే పైన కూడా లాగేస్తారు. కొన్ని వేసవులకే దాని మెత్తదనం పోయి బీటలిస్తుంది. కొటేషన్‌లో "డీసీ కేబుల్" అని మాత్రమే రాసి ఉంటే ఏ ఐఎస్ నంబరో రాయించండి.

ముడుల పనితనం కళ్ళారా చూడాలనుకుంటే ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక హీట్ ష్రింక్ స్లీవ్ ముక్క అడగండి. అది ముందు ముడులు వేసి, తర్వాత వేడి మీద సాగదీసి, సాగిన ఆకారంలోనే చల్లార్చిన ప్లాస్టిక్ గొట్టం. లైటర్ దూరంగా పట్టి వేడి చూపిస్తే సగానికి ముడుచుకుని జాయింటును పట్టేసి ఆగిపోతుంది. కరిగి కారదు. ఎక్కడికి తిరిగి రావాలో ముడులకు గుర్తుంటుంది.

వేడి నీళ్ళ పైపులు: ముడులు లేనివే గెలిచే చోటు

ఇక్కడ నా సలహా విని బావ ఆశ్చర్యపోయాడు. "క్రాస్‌లింక్ మంచిదంటివి కదా!" నేను అలా అనలేదు. వేడికి మంచిదన్నాను. పైపు విషయంలో వేడి ఒక్కటే చూస్తే చాలదు, జాయింటు కూడా చూడాలి.

బజార్లో నాలుగు రకాలు దొరుకుతాయి. యూపీవీసీ చల్లటి నీళ్ళకే, దాని ఐఎస్ ప్రమాణం 45 డిగ్రీలతో ఆగిపోతుంది. సీపీవీసీ అంటే అదే పీవీసీకి అదనంగా క్లోరిన్ ఎక్కించింది. ముడులేమీ పడవు. గొలుసులు బరువెక్కి మెత్తబడే వేడి పైకి జరుగుతుంది, అంతే. 80 డిగ్రీల దాకా నీళ్ళకు పనికొస్తుంది. పీపీఆర్ పాలీప్రొపిలీన్ పైపు, 260 డిగ్రీల మెషిన్‌తో కొసలు కరిగించి ఒకదానిలో ఒకటి దూర్చి అతుకుతారు. నాలుగోది పెక్స్. ఇదే మన క్రాస్‌లింక్డ్ పాలిథిన్.

పెక్స్‌లోనూ మూడు రకాలున్నాయి. పెరాక్సైడుతో చేసేది ఎ, సిలేన్‌తో చేసేది బి, ఎలక్ట్రాన్ కిరణాలతో చేసేది సి. గొలుసుల్లో కనీసం ఎంత భాగం వలలో చిక్కుకుని ఉండాలన్నది వరసగా 70, 65, 60 శాతం. ఈ అక్షరాలు తయారీ పద్ధతిని చెప్పేవే, పరీక్షలో వచ్చిన మార్కులు కావు. ఎ రకం కాస్త మెత్తగా వంగుతుంది, నలిగిన చోట వేడి గాలి చూపిస్తే మళ్ళీ గుండ్రంగా అవుతుంది.

పెక్స్ గుణాలకు వంక పెట్టలేం. 60, 70 డిగ్రీల నీళ్ళకు యాభై ఏళ్ళ లెక్కతో డిజైన్ చేస్తారు. చుట్ట విప్పుకుంటూ మధ్యలో జాయింటే లేకుండా వంట గది నుంచి బాత్రూం దాకా లాగొచ్చు. చలి దేశాల్లో నేల కింద వేడి నీళ్ళు తిప్పడానికి దీన్ని వాడేది అందుకే. చిక్కంతా కొసల దగ్గర. సీపీవీసీకి ప్లంబర్ సొల్యూషన్ పూసి దూర్చి పట్టుకుంటాడు చూడండి, ఆ సొల్యూషన్ పైపు గోడనూ సాకెట్ గోడనూ కాస్త కరిగిస్తుంది. రెండింటి గొలుసులూ కలిసిపోతాయి, ద్రావకం ఎగిరిపోయాక అతుకు కనిపించని ఒకే ప్లాస్టిక్ మిగులుతుంది. గొలుసులకు ముడులు లేవు కాబట్టే అది కుదిరింది. పెక్స్‌కు ఆ సొల్యూషన్ పట్టదు, పీపీఆర్‌ను అతికే మెషిన్ కూడా పనిచేయదు. సాధారణంగా ప్రతి కొసకూ ఇత్తడి ఫిట్టింగు, బిగించే రింగు, ఆ రింగు బిగించే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. ఆరేళ్ళ తర్వాత టైల్స్ వెనక కారితే మీ ఊళ్ళో ఆ పనిముట్టు ఉన్న ప్లంబర్ దొరకాలి. ఖమ్మంలో బావ విచారిస్తే ఒక్కరు దొరికారు, ఆయన కూడా హైదరాబాద్ సైట్లలోనే ఎక్కువగా ఉంటాడట.

అందుకని బావకు చెప్పింది ఇది: గీజరు నుంచి కుళాయిలకు సీపీవీసీ. మంచి ప్లంబర్, సరైన సొల్యూషన్, అతికాక ఒక రోజు ఆగి నీళ్ళు వదలడం. పెద్ద ఇల్లు కట్టుకుని, పెక్స్ కంపెనీ మనుషులే వచ్చి వేసి వెళ్తామంటే పెక్స్ వేసుకోండి. అప్పుడు కూడా ఎండ తగలకుండా. సూర్యకాంతికి అది త్వరగా పాడవుతుంది.

సోలార్ వాటర్ హీటర్ ఉన్నవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. గాజు గొట్టాల హీటరులో ఏప్రిల్, మే నెలల్లో వేడినీళ్ళు వాడేవాళ్ళే ఉండరు. ట్యాంకులో నీళ్ళు మరిగే దాకా పోతాయి. సీపీవీసీ హద్దు దాటిపోయినట్టే. ట్యాంకు నుంచి మొదటి కొన్ని అడుగులు ఇనప పైపు గానీ, మధ్యలో అల్యూమినియం పొర ఉన్న పెక్స్ గానీ (ఎండ తగలకుండా కప్పి) వేయించండి. మా పాత ఇంట్లో ప్లంబర్ ఒకాయన ఏకంగా బూడిద రంగు యూపీవీసీ పైపే వేసేశాడు. మొదటి వేసవికే రెండు క్లాంపుల మధ్య పైపు ఊయలలా కిందికి వేలాడింది. నేను పైకెత్తి కట్టాను. వారానికి మళ్ళీ దిగింది. బరువు ఆ పైపుదీ, లోపలి నీళ్ళదే. వేడెక్కిన గొలుసులు రోజూ కొంచెం కొంచెం జారుతుంటే పైపు పగలదు, విరగదు, ఊరికే సాగుతూ ఉంటుంది. చివరికి ఎల్బో దగ్గర ఊడివచ్చింది, సరిగ్గా పండగ రోజు పొద్దున.

నీళ్ళ ట్యాంకు, గ్యాస్కెట్, జిగురు

డాబా మీది నల్ల ట్యాంకు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మామూలు పాలిథిన్ చాలు, పగిలితే అదే ప్లాస్టిక్ ముక్కతో కరిగించి అతికే మనుషులు ప్రతి ఊళ్ళో ఉన్నారు. పాతబడితే కిలోల లెక్కన అమ్ముకోవచ్చు. ముడులు వేసిన ట్యాంకు కొంటే ఈ రెండూ పోతాయి.

కుక్కర్ లోపల వేడి సుమారు 120 డిగ్రీలు. అక్కడ ముడులు లేని మామూలు ప్లాస్టిక్ నిలవదు, అందుకే గ్యాస్కెట్ రబ్బరుది. నల్లటి నైట్రైల్ రబ్బరు నూనెకు బాగా ఆగుతుంది. సిలికాన్ వేడికి ఇంకా ఎక్కువ ఆగుతుంది గానీ గీత పడితే త్వరగా చిరుగుతుంది. కుక్కర్‌తో ఏది వచ్చిందో అదే కొనండి, కొలత కుదరడం అన్నిటికన్నా ముఖ్యం. గ్యాస్కెట్ పాతబడి గట్టిపడటానికి కారణం కూడా ముడులే. వేడి తగిలిన ప్రతిసారీ గాలిలోని ఆక్సిజన్‌తో కొత్త ముడులు పడుతూ ఉంటాయి. ఎబొనైట్ వైపు ప్రయాణం అన్నమాట. మా అమ్మ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ వాడేది. చల్లదనానికి కాస్త ముడుచుకుని ఆ పూటకు విజిల్ వస్తుంది, పోయిన మెత్తదనం మాత్రం రాదు.

జిగురులో తేడా తెలియక నష్టపోయేవాళ్ళు ఎక్కువ. తెల్లటి చెక్క జిగురు, ఫెవికాల్ లాంటిది, నీళ్ళు ఆరిపోతే గట్టిపడుతుంది. మామూలు రకంలో ముడులు ఉండవు, నీళ్ళు తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. లోపలి గదుల చెక్కపనికి అది చక్కగా సరిపోతుంది. తడి తగిలే చోట వాటర్‌ప్రూఫ్ రకం అడగండి. అరల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ కలిపాకే ముడులు వేసుకోవడం మొదలుపెడుతుంది. ఇందులో జనం చేసే తప్పు ఒకటే. "త్వరగా గట్టిపడుతుంది" అని హార్డ్‌నర్ ఎక్కువ వేస్తారు. ఒక్కో హార్డ్‌నర్ అణువూ ఇన్ని గొలుసు కొసలను పట్టుకోగలదని లెక్క ఉంటుంది. ఎక్కువైతే పట్టుకోవడానికి కొసలు దొరకని హార్డ్‌నర్ లోపలే మిగిలిపోయి అతుకు మెత్తగా, జిడ్డుగా ఉండిపోతుంది. కొలత డబ్బా మీద ఎలా ఉంటే అలాగే కలపండి. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ కరగదు గానీ 50, 60 డిగ్రీల దగ్గర పట్టు సడలుతుంది. పడమటి ఎండ పడే ఇనప గేటుకు నేమ్ ప్లేటు దాంతో అంటించకండి, స్క్రూ వేయండి.

ప్లైవుడ్: రెండూ ముడులున్నవే, అయినా ఒకటి కాదు

ఇప్పటిదాకా ముడులున్నవీ లేనివీ అంటూ వచ్చాను. ప్లైవుడ్ దగ్గర ఆ లెక్క చాలదు. పొరలను అంటించే జిగురు అన్ని రకాల్లోనూ ముడులు పడేదే. ముడి ఏ రకందన్నది ఇక్కడ తేలాలి.

ఎంఆర్ (కొంత తేమకు మాత్రమే ఆగే) గ్రేడు ప్లైలో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. చవక, రంగు లేనిది, త్వరగా గట్టిపడుతుంది. కానీ దాని ముడులు నైట్రోజన్ మీదుగా పడతాయి. వేడీ తడీ కలిసి చాలాకాలం తగిలితే నీటి అణువులు ఆ ముడిని విప్పేస్తాయి. ముడి పడినప్పుడు జరిగిన రసాయన చర్యే వెనక్కి నడుస్తుంది. విప్పుకున్నప్పుడు కొంత ఫార్మాల్డిహైడ్ వాయువు కూడా వస్తుంది. కొత్త అల్మరా తలుపు తీస్తే కళ్ళు మండించే వాసన అందులోంచి వచ్చేదే.

బీడబ్ల్యూపీ (మరిగే నీళ్ళకు కూడా ఆగేది) అనే ఐఎస్ 710 మెరైన్ ప్లైలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. 1907లో లియో బేక్‌లాండ్ చేసిన బేకలైట్‌కు ఇది స్వయానా చుట్టం. మీ కుక్కర్ పిడిది కూడా ఆ వంశమే. దీని ముడులు కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య పడతాయి. నీళ్ళు వాటిని విప్పలేవు. ఐఎస్ 710 పరీక్షలో ముక్కను 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచుతారు. పక్క నుంచి చూస్తే పొరల మధ్య ముదురు గోధుమ రంగు గీతలు కనిపిస్తాయి. ఎంఆర్‌లో ఆ గీత లేతగా ఉంటుంది. కాకపోతే రంగును పూర్తిగా నమ్మొద్దు, రంగు కలిపి కూడా అమ్ముతారు.

బావ దగ్గర కార్పెంటర్ మాత్రం రెండూ ఒకటేనన్నాడు. "సార్, ఇరవై ఏళ్ళుగా చేస్తున్నా. పైన సన్‌మైకా వేసేస్తే లోపల ఏదైనా ఒకటే." ఆయన్ను తప్పుపట్టలేం, ఆయన పని పూర్తయిన ఇంటికి మళ్ళీ వర్షాకాలంలో వెళ్ళి చూడడు కదా.

నేను ఖమ్మం వెళ్ళిన ఆదివారం రెండు రకాల నుంచీ అరచేతి అంత ముక్కలు కోయించి, అక్క దగ్గర పాత అల్యూమినియం గిన్నె అడిగి తీసుకున్నాను. కట్టెల పొయ్యి మీద పొద్దున ఎనిమిదింటికి పెట్టాం. నీళ్ళు తగ్గినప్పుడల్లా అక్క కూతురు చెంబుతో పోసింది. పదకొండింటికి ఎంఆర్ ముక్క ఒక మూల బుడగలా లేచింది. భోజనాలు అయ్యేసరికి దాని పై పొర పచ్చి అట్టలా విడిపోయి గిన్నెలో తేలుతోంది, మిగతా పొరలు తడిసిన పుస్తకంలా విచ్చుకున్నాయి. రెండో ముక్క ఉబ్బింది, రంగు నల్లబడింది, నీళ్ళు టీ రంగుకు వచ్చాయి. సాయంత్రం నాలుగింటికి పట్టకారుతో బయటికి తీసి కార్పెంటర్ చేతికిచ్చాను. ఆయన ఉలి మొన పొరల మధ్య పెట్టి తిప్పి చూశాడు. చెక్క చీరింది గానీ జిగురు గీత వెంబడి ఊడలేదు.

ఆయన రెండు ముక్కలూ కాసేపు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత బావ వైపు తిరిగి, "సింకు కింద, బాత్రూం తలుపులకు ఈ నల్ల గీతలది వేద్దాం సార్. బెడ్‌రూం వార్డ్‌రోబ్‌లకు పాతదే చాలు, అక్కడ నీళ్ళెక్కడివి, డబ్బులు దండగ" అన్నాడు.